గడ్డి కోసే ముందు పిలిచే పేర్లు

మా పెదనాయన పోయాడని ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో, పనిచేసే కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. "నాయన పోయినాడు పాపా. నిద్రలోనే," అన్నాడు. "బస్సెక్కు," అని పెట్టేశాడు. ఆళ్లగడ్డ చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. తోట దగ్గర దిగగానే గడ్డి కనిపించింది. రెండు నెలలుగా ఆయన మంచం పట్టి ఉండడంతో, చీనీ బత్తాయి చెట్ల మధ్య నడుము ఎత్తు పెరిగి ఉంది. ఆయన తిరుగుతున్నన్నాళ్లూ దాన్ని అంత ఎత్తున చూడలేదు.

పెదనాయనకు ఒక ట్రాక్టర్, దాని వెనక తగిలించే గడ్డి మిషన్ ఉండేవి. తన తోటలోనే కాక చుట్టుపక్కల తోటల్లోనూ కోసేవాడు. మంచు ఆరేదాకా మొదలుపెట్టేవాడు కాదు. ముందు కర్ర పట్టుకుని ప్రతి వరుసా నడిచి, రాళ్లు, తీగముక్కలు ఏరి గట్టు మీద వేసేవాడు. పెరకలేని మొద్దు ఉంటే దాని పక్కన ఎర్రగుడ్డ కట్టిన కట్టె నాటేవాడు. భుజం మీది తువాలు తీసి గేటుకు వేలాడదీసేవాడు. ట్రాక్టర్ నుంచి మిషన్‌కు తిరుగుడు అందించే కడ్డీ ఒక్కసారి గుడ్డ కొస పట్టుకుందంటే మనిషిని వదలదని ఆయనకు తెలుసు. గడ్డి దట్టంగా ఉన్నచోట గేరు తగ్గించేవాడు గానీ ఇంజన్ వేగం తగ్గించేవాడు కాదు. "కత్తి బేగా తిరగల్ల, బండి నిదానంగా పోవల్ల. తొందరపెడితే గడ్డి నలుగుతాది, తెగదు," అనేవాడు.

పని అయ్యాక ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, దిగి దూరంగా నిలబడి కళ్లు మూసుకునేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేనూ పక్కన నిలబడ్డాను. తోటంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అడుగున, మిషన్ రేకు కింద, ఏదో గుసగుసలాడుతూనే ఉంది.

"మోత నిల్చినంత మాత్రాన కత్తి నిల్చదు మ్మే," అన్నాడు. "కోసేది మోత కాదు."

చదివేవారికి ఇదంతా అతి జాగ్రత్త అనిపించవచ్చు. ఇంకొకటి ఉంది. ట్రాక్టర్ ఎక్కాక, తాళంచెవి తిప్పే ముందు, ఆ రోజు తోటలో ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా గట్టిగా పిలిచేవాడు. పెద్దమ్మ మోటరు గది నుంచి "ఉండా" అనాలి. అన్న గేటు దగ్గర నుంచి "ఉండా" అనాలి. అందరూ పలికాక ఇంకో పేరు పిలిచేవాడు. ఆడపిల్ల పేరు. ఆ పేరు గలవాళ్లు మా ఇంట్లో లేరు. ఆయన తల వంచి, చెవి ఒగ్గి కాసేపు ఆగేవాడు. ఆ తర్వాతే ఇంజన్ మోగేది. ఏదో ఒక రోజు జవాబు వస్తుందేమోనని నాకు భయంగా ఉండేది.

కాన్వెంటు సెలవుల్లో ఒక ఉదయం, ఆయన వరుసలన్నీ నడిచి వెళ్లాక, నేను పుస్తకం తీసుకుని వచ్చి గడ్డిలో పడుకున్నాను. ఆయన నా పేరు పిలిచాడు. "ఉన్నాను పెదనాయనా," అన్నాను. ఆడపిల్లలు అరవకూడదని స్కూల్లో నేర్పారు. నాకు అది సులభంగానే అబ్బింది. మళ్లీ పిలిచాడు. మళ్లీ అంతే మెల్లగా పలికి పేజీ తిప్పాను. ఎంతసేపటికీ ఇంజన్ మోత రాలేదు. చివరికి గడ్డిని చీల్చుకుంటూ ఒక కర్ర, దాని వెనక పాలిపోయిన ఆయన ముఖం కనిపించాయి.

"పలికేదానికి ఏమాయ నీకు?"

"పలికినా పెదనాయనా."

"ఎవురికి, చీమలకా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నా పక్కన కూలబడ్డాడు. ఆ రోజు గడ్డి కోయలేదు. బతికున్నవాళ్లలో ఒక్కరు పలకకపోయినా ఆయన బండి కదిలేది కాదు. ఇది రాయడానికి నేను మిగిలింది అందుకే.

దినాలకు చుట్టాలు వచ్చి వెళ్లాక పెద్దమ్మ చెప్పింది. ఆ పేరు ఆయన చెల్లెలిది. పెదనాయనకు ఇరవై ఏళ్లు కూడా నిండనప్పుడు, వేరేవాళ్ల తోటలో ట్రాక్టర్ తోలుతుంటే, ఆ పిల్ల సద్ది తెచ్చి గడ్డిలో నిద్రపోయింది.

"ఆడ ఎవురన్నా ఉండారా అని అడగల్య మ్మే. తోలేసినాడు," అంది పెద్దమ్మ.

మర్నాడు ఉదయం అన్న గడ్డి కోయడానికి సిద్ధమయ్యాడు. రాళ్లు ఏరాడు, తువాలు తీశాడు, ట్రాక్టర్ ఎక్కి తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"పిలువు అన్నా," అన్నాను.

"ఎవుర్ని? నువ్వు ఈడ ఉండావ్. అమ్మ ఆడ కనపడతానే ఉంది. ఊరికే అర్సుకుంటా కూచుంటే చూసేవాళ్లు నగరా?"

"ఆమెను."

అన్న చెయ్యి తీసేశాడు. "నాకు నోరు రాదు పాపా. నువ్వు పిలువు."

గట్టెక్కి పిలిచాను. నా గొంతు అంత దూరం పోగలదని నాకే తెలియదు. పెద్దమ్మ మోటరు గది గడప మీదికి వచ్చి నిలబడింది. గాలి లేదు. ఎవరూ పలకలేదు. అయినా అన్న ఇంజన్ మోగించలేదు. "ఇంగొకసారి చూసొద్దాం పా," అని దిగాడు.

ఇద్దరం వరుసలు నడిచాం. ఏడో వరుసలో, చెట్టు నీడన, గడ్డి అణిగి ఉంది. ఒక పిల్ల ఒత్తిగిలి పడుకున్నంత మేర. కుక్కేమో అన్నాడు అన్న. మేము చూస్తుండగానే, అణిగిన పోచలు ఒక్కొక్కటే మెల్లగా లేచి నిలబడసాగాయి.