సార్ తిరగెయ్యడం మరిచిన బొమ్మ

కోరుట్లలో మా డ్రాయింగ్ సార్ పోయారు. శుక్రవారం నమాజుకు తయారవుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. సార్‌ను చూసొస్తానని మాత్రమే అమ్మకు చెప్పి సిరిసిల్లలో బస్సెక్కాను. నేను చేరేసరికి అందరూ ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తున్నారు. కడసారి చూపు దక్కలేదు.

జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు ఆయన మాకు బొమ్మలు నేర్పారు. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సార్లు లాగేసుకునే పీరియడ్. ఈయన మాత్రం ససేమిరా ఇచ్చేవారు కాదు. చంకలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉండేది, హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్నది. దాన్నిండా ఐదువందల ఏళ్ల కిందట జర్మన్ కళాకారులు చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితానికి అద్దిన బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ చావు ఎముకల గూడై వచ్చి రాజును, వ్యాపారిని, ముసలమ్మను పట్టుకుపోతుంటుంది. దున్నుతున్న రైతు పక్కన మాత్రం నాగలికి కట్టిన గుర్రాలను తోలుతుంటుంది. మాకు భయమేసేది.

"భయమెందుకు బేటీ? కాపాయన అలిసిపోయిండు. చావు సుత జర సాయం జేస్తున్నది," అనేవారు.

మామిడి చెక్క ముక్కలు తెచ్చి మాతోనూ చెక్కించేవారు. "బొమ్మ తిరగేసి చెక్కాలె. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. మరిస్తే అచ్చు ఉల్టా పడుతది," అని రోజుకు పదిసార్లు చెప్పేవారు. ఎవరైనా మరిస్తే ఉలి పిడితో వేళ్ల మీద మెల్లగా తట్టేవారు.

నాలుగేళ్ల కిందట మా బాపు చనిపోయాడు. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరి తగిలిన గాటు కుడి చెంప మీద ఉండేది. గోడకు పెట్టి దండ వేద్దామంటే ఓటరు కార్డు మీది మసక ముఖం తప్ప ఫోటో లేదు. ఆ కార్డు ఇచ్చి, బొమ్మ చేసిమ్మని సార్‌ను అడిగాను.

"జర్మనోళ్లు రాజును చెక్కినట్ల మీ బాపును చెక్కుత," అన్నారు.

పదకొండో రోజున అచ్చు పట్టుకొని ఆయనే వచ్చారు. ముడతలు, కనుబొమలు, అన్నీ వెంట్రుకంత గీతల్లో ఉన్నాయి. అమ్మ చూసి, "గీయన మా ఆయన గాదు," అంది. గాటు ఎడమ చెంప మీద ఉంది. తిరగేసి చెక్కాలని ఊరందరికీ చెప్పిన మనిషి, కార్డు మీద ఎట్లా ఉందో అట్లే చెక్కేశారు.

"మాకు చెప్పుడేనా సార్?" అన్నాను, చుట్టాలందరి ముందు.

ఆయన తల దించుకున్నారు. "తప్పు నాదే బేటీ. మీ బాపు మొఖం సూసుకుంటనే చెక్కిన. తిరగెయ్యాలన్న సోయి లేకపాయె."

చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. క్షమించమని ఫోన్ చేద్దామనుకుంటూ, ఏ ముఖం పెట్టుకొని చెయ్యాలని ఆగాను. అట్లా ఆగి ఆగి నాలుగేళ్లు గడిపేశాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మొన్న కోరుట్లలో సార్ భార్య, బాపు బొమ్మ చెక్కిన ఆ చెక్కను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "నీకియ్యాల్నని శానసార్లు అన్నరు. మల్ల కోపమైతవేమోనని ఆగిన్రు," అంది. చెక్కను పట్టుకొని ఏడ్చాను.

ఇంటికొచ్చి చెక్కను అమ్మ ఒడిలో పెట్టాను. అమ్మ కళ్లకు ఇప్పుడు పొర కమ్మింది, ఏదైనా వేళ్లతో తడిమి చూస్తుంది. నుదురు తడిమింది, ముక్కు, మీసం తడిమింది. అచ్చులో ఎడమకు పోయిన గాటు చెక్క మీద కుడి చెంపనే ఉంది. వేలు అక్కడ ఆగింది.

"గీయనే," అంది. "సార్‌కు ఫోన్ జెయ్యి బిడ్డా. సక్కగనే చేసిన్రని జెప్పు."

సార్ పోయిన సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె వేలు ఆ గాటు వెంట పైకీ కిందికీ పోతూనే ఉంది.