ముప్పై ఒక్క చోట్ల ఆగే బస్సు

2004 జూన్‌లో నన్ను భద్రాచలం బస్సు డిపోకు సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని సులువుగా చెప్పొచ్చు. అప్పటికి పద్దెనిమిదేళ్లు స్టీరింగ్ పట్టిన నేను, ఇక మీదట నడిపేవాళ్ల పక్కన కూర్చుని తప్పులు పట్టాలి. ప్రమాదాలు తగ్గించడం సగం పని, డీజిల్ ఖర్చు తగ్గించడం మిగతా సగం.

డీజిల్‌కు మా కొలత కేఎంపీఎల్, అంటే బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెప్పే అంకె. సాయంత్రం బండి డిపోకు చేరగానే ట్యాంకు మళ్లీ నిండేదాకా పోస్తారు. ఆ రోజు తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగిస్తారు. నెలాఖరుకు డ్రైవర్ల పేర్లు వరుసగా బోర్డుకెక్కుతాయి. నేను చేరిన నెల అట్టడుగు పేరు యాకూబ్‌ది. లీటరుకు నాలుగున్నర కూడా రాలేదు. అతనిది చింతలగుంపు రూటు. అడవి అంచున నలభై కిలోమీటర్లు, దారి పొడవునా కోయ గూడేలు, రోజుకు రెండు ట్రిప్పులు.

డిపో మేనేజర్ గారు గడువు పెట్టేశారు. ఆగస్టు బోర్డులో అయిదు దాటకపోతే రూటు ఎత్తేస్తారు, యాకూబ్‌ను స్టీరింగ్ మీంచి దించి గ్యారేజీ పనికి పంపిస్తారు. ఆ గూడేలకు వేరే బస్సు లేదు.

నేను చేసిన మొదటి పని సిగ్గుపడాల్సిన పని. బండెక్కకుండానే రిపోర్టు రాశాను. క్లచ్ మీద కాలుంచి నడుపుతున్నాడని, అందుకే డీజిల్ తాగుతోందని. పాతికమందిలో ఇరవై మంది చేసే తప్పు అదే కదా అని నా ధీమా. యాకూబ్ ఆ కాగితం చదివి మడిచి నా చేతికే ఇచ్చాడు.

“ఒక్కసారి బండెక్కి చూడుండ్రి సార్. గప్పుడు రాయుండ్రి” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అతని తప్పు అక్కడికక్కడే పట్టాలని మర్నాడు తెల్లవారే ఎక్కాను. పోయేటప్పుడు అతని కాళ్ల వంక తప్ప రోడ్డు వంక చూడలేదు. ఒక్క తప్పూ దొరకలేదు. గేరు మార్చినట్టే తెలియనివ్వడు, దూరం నుంచే యాక్సిలరేటర్ వదిలి బండిని దొర్లనిస్తాడు. మంచి డ్రైవర్‌ను చూసి కోపం తెచ్చుకోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

చింతలగుంపులో నలభై నిమిషాలు ఆగాలి. ఇంజన్ ఆపలేదు. ఇక దొరికాడనుకుని కసిరాను. అతను నెమ్మదిగా, “ఆపుతా సార్. మళ్ల స్టార్ట్ చేసుడు మాత్రం మీరే చెయ్యాలె” అని ఇంజన్ ఆపి, దిగి తాళం నా చేతికిచ్చాడు. నేనెక్కి తిప్పాను. సెల్ఫ్ స్టార్టరు రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది. నేనేమీ అనకముందే జనం మూటలు వదిలేసి బండి వెనక్కి చేరారు. నేనూ నెట్టాను.

తర్వాత తెలిసింది, దూరపు సర్వీసుల్లో నీరసించిన బ్యాటరీలు అడవి రూట్లకు వేయడం మా డిపోలో అలవాటు. అయిదు నిమిషాలు ఆపలేని ఇంజన్ రోజంతా డీజిల్ తాగుతూనే ఉంటుంది మరి. నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. గ్యారేజీ ఫోర్‌మన్‌తో రెండు రోజులు గొడవపడి మంచి బ్యాటరీ వేయించాను.

జులై బోర్డులో అంకె కొంచెం లేచింది, అయిదుకు మాత్రం రాలేదు. ఎందుకో నాకు తెలుసు. నేను మొదటిసారి బండెక్కిన రోజు తిరుగు ప్రయాణంలో లెక్కపెట్టాను, బండి ముప్పై ఒక్క చోట్ల ఆగింది. ప్రతి ఇంటి ముందూ ఒక చెయ్యి లేస్తుంది. నిండు బండిని నిలబెట్టి మళ్లీ మొదటి గేరులో లాగేటప్పుడే డీజిల్ ఎక్కువ కాలుతుంది. నాలుగడుగులు నడిచి ఒకచోట నిలబడటానికి వీళ్లకేం బద్ధకమని లోపల తిట్టుకున్నాను కూడా.

యాకూబ్ సెలవు రోజున ఇద్దరం చింతలగుంపు వెళ్లాం. అక్కడ ఆడవాళ్లందరూ మాట వినేది కుంజా సమ్మక్కది. చింతపండు, చీపుర్లు మోసుకుని వారానికి మూడుసార్లు భద్రాచలం వచ్చే పెద్దావిడ. నేను ట్రైనింగులో నేర్చుకున్నదంతా చెప్పాను. లీటరు డీజిల్ కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు ఆ డీజిల్ బరువుకు మూడింతలని. గాలిని కలుపుకుని కాలుతుంది కనుక అంత బరువని. అది పైకి పోయి తరాల తరబడి అక్కడే ఉంటుందని, దుప్పటి కప్పినట్టు వేడిని పోనివ్వదని, ఎండలు ముదరడానికీ వానలు తప్పడానికీ అదొక కారణమని.

సమ్మక్క అంతా విని అడిగింది. “మా ఊరికొచ్చేది ఒక్క బస్సు. గా పొగతోనే లోకం ఉడుకుతాందా సారూ? పట్నంల బండ్లన్నీ ఏమైనయ్?”

నిజమే అన్నాను. లోకం వేడెక్కడంలో చింతలగుంపు వాటా చిటికెడు కూడా ఉండదు. కానీ ఈ బస్సు పోతే ఏమవుతుందో చూడమన్నాను. అరవైమందికి ఒక్క ఇంజన్ చేసే పని జీపులు చేస్తాయి, ఆరో ఏడో ఇంజన్లు. బస్సెక్కడమే మీరు లోకానికి చేస్తున్న మేలు, దాన్ని నిలబెట్టుకోండి, ఇంటింటికీ కాకుండా ఎనిమిది చోట్ల ఎక్కండి అన్నాను.

అప్పుడు ఆమె నా బుర్రకు తట్టని సంగతి చెప్పింది. తలమీది మూట ఒకసారి దించితే మనిషి సాయం లేకుండా మళ్లీ ఎత్తుకోలేరు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. స్టాపు దగ్గర మూటతో గంట నిలబడితే మెడ పడిపోతుంది. అందుకే హారన్ వినపడేదాకా ఇంట్లో ఉండి, ఇంట్లోవాళ్లు ఎత్తిపెట్టగానే రోడ్డు మీదికి వస్తారు. బద్ధకమన్న నా మాట పైకి అననందుకు బతికిపోయాను.

“మేం ఒక్క తావుకు వస్తం. నువ్వు ఒక్క టైముకు రా” అంది యాకూబ్ వైపు తిరిగి. ముసలోళ్లకు, కడుపుతో ఉన్నోళ్లకు మాత్రం ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపాలని షరతు పెట్టింది. యాకూబ్, “అవ్ అక్కా, ఆపుతా” అన్నాడు.

వారం తిరిగేసరికి సమ్మక్క మాట మీద గూడేలవాళ్లు ఎనిమిది చోట్లా భుజమెత్తున రాళ్లు పేర్చారు. మూట వాటి మీదికి జరపొచ్చు, బస్సు రాగానే వంగకుండా తలకెత్తుకోవచ్చు. ఆ కొలత ఏ ఇంజనీరూ ఇవ్వలేదు. ఆగే చోట్లు తగ్గేకొద్దీ యాకూబ్ టైము నిలబడింది. టైము నిలబడేకొద్దీ స్టాపు దగ్గరికి ముందే వచ్చేవాళ్లు పెరిగారు.

ఆగస్టు బోర్డులో యాకూబ్ పేరు పక్కన అయిదు పాయింట్ రెండు పడింది. మేనేజర్ గారు నమ్మలేదు. డీజిల్ పోసేచోట మతలబు ఉందని అనుమానించి, ట్యాంకు తన ముందే నింపించి, సీలు వేయించి, తానే బండెక్కారు.

ఆ రోజు రెండు గూడేల నడుమ ఒక ముసలాయన ఒంటరిగా చెయ్యెత్తాడు. ఆపితే డీజిల్ పోతుంది, పక్క సీట్లో మేనేజర్. నేను వెనక సీట్లోంచి యాకూబ్ కాళ్ల వంక చూశాను. యాకూబ్ బండి ఆపి, ఆయన ఎక్కి కూర్చునేదాకా ఆగి, అప్పుడే కదిలించాడు. మాటంటే మాటే. చింతలగుంపులో ఇంజన్ ఆపితే అడవిలో పిట్టల చప్పుడు వినపడింది. నలభై నిమిషాల తర్వాత తాళం తిప్పగానే ఒక్క దెబ్బకు అందుకుంది. సమ్మక్క వాళ్లు మూటలతో సహా నిమిషంలో ఎక్కేశారు.

సాయంత్రం డిపోలో సీలు తీసి ట్యాంకు నింపారు. మేనేజర్ గారే మీటరు చూశారు, ఆయనే భాగహారం చేశారు, ఒకసారి కాదు, రెండుసార్లు. అయిదు పాయింట్ మూడు. ముసలాయన కోసం ఆగినా. గ్యారేజీలో ఉన్నవాళ్లంతా యాకూబ్ చుట్టూ మూగారు. నా సంతోషం దాచుకోలేదు, దాచాల్సిన పనీ లేదు. రూటు ఉంచుతున్నట్టు ఆ పూటే సంతకమైంది. దసరా తర్వాత చింతలగుంపుకు మూడో ట్రిప్పు కూడా వేశారు. అదివరకు జీపులెక్కిన పక్క గూడేలవాళ్లు ఆ బస్సులోకి వచ్చారు.

డీజిల్ ఆదా డ్రైవర్ పాదం కింద ఉంటుందని నాకు నేర్పారు, నేనూ అదే నేర్పాను. అది సగం పాఠమే. మిగతా సగం డిపో వేసే బ్యాటరీలో ఉంది, రోడ్డు పక్కన మూటతో నిలబడ్డ మనిషి మెడలో ఉంది. ఆ మెడకు ఏం కావాలో అడిగితే ఆమే చెబుతుంది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా బండెక్కకుండా నేను ఒక్క రిపోర్టూ రాయలేదు.