మందు రాయని ల్యాబు చూడ్డానికి హనుమాన్ జంక్షన్ దాకా

పాఠక మహాశయులారా, ముందుగా రెండు చేతులూ జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ యాత్రా వ్యాసంలో జలపాతం లేదు, మంచుకొండ లేదు, కొండ అంచున చేతులు చాచి నిలబడ్డ నా ఫొటో కూడా లేదు. ఉన్నవల్లా రొయ్యల చెరువులు, వాటి వాసన, మా అక్క. ఇంతటి ఘోరానికి ఒడిగట్టినందుకు నన్ను మన్నించి, కుదిరితే నలుగురికీ షేర్ చెయ్యండి.

రేవతక్క మా పెదనాన్న కూతురు. కొల్లేట్లో చేపలు పట్టే ఇంట్లో పుట్టి మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళూ, రొయ్యలూ పరీక్షించి ఉన్నదున్నట్టు చెప్పే ల్యాబు పెడతానంటే అందరూ సంతోషించారు, నమ్మినవాళ్ళు మాత్రం లేరు. అప్పు కోసం వెళ్తే బ్యాంకులో, ఇంట్లో మగవాళ్ళెవరని అడిగారట. చివరికి హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపు మీద గది దొరికింది. ఆ ఓనరు, "పెళ్ళవగానే ఎలాగూ మూసేస్తావు, అడ్వాన్సు కాస్త ఎక్కువియ్యమ్మా" అన్నాడట. ఆ ల్యాబుకు గాజు సీసాలు, స్లైడ్లు అర్జెంటుగా కావలసి వచ్చాయి. నేను బీకామ్ పూర్తిచేసి ప్రస్తుతం దేశ ఆర్థిక వ్యవస్థను మంచం మీద నుంచే పర్యవేక్షిస్తున్నాను కనుక, వాటిని మోసుకెళ్ళే బాధ్యత నాకు ఏకగ్రీవంగా దక్కింది.

విజయవాడ వన్ టౌన్‌లో సీసాలు కొనాలనుకునేవారు షాపులు తెరవగానే వెళ్ళండి. పది దాటితే తోపుడుబళ్ళ మధ్య మనిషికే దారి ఉండదు, అట్టపెట్టెకు అసలుండదు. అక్కడి నుంచి బస్టాండుకు ఆటో, బస్టాండు నుంచి ఏలూరు వైపు వెళ్ళే ఏ బస్సయినా సరే, టికెట్టు డెబ్భై లోపే. గంట ప్రయాణం. ఒళ్ళో సీసాలున్న మనిషికి గతుకులు మాత్రం విడివిడిగా తెలుస్తాయి.

జంక్షన్‌లో ఇడ్లీ తింటూ అక్క సంగతి చెప్పింది. "ఇవాళ రంగారావుగారని ఓ పెద్ద రైతు చెరువులు చూడాలిరా. ఆయన సరేనంటే ఆ ఊళ్ళో అందరూ మన దగ్గరికే వస్తారు. కాదంటే వచ్చే నెల గది ఖాళీ చేసి మందుల కంపెనీలో చేరతా."

"కంపెనీలో ఏం చెయ్యాలి?"

"చెరువుకి అక్కర్లేని మందు రైతుకి అంటగట్టాలి. సబ్జెక్టు తెలిసినవాళ్ళయితే బాగా అమ్ముతారంట."

అసలు చిక్కేమిటో ఆటో డ్రైవరు సాంబయ్య విప్పి చెప్పాడు. గుడివాడ రోడ్డులో షేర్ ఆటో ముప్పై రూపాయలే, కానీ చెరువుల మీదికి పోవాలంటే ఆటో మొత్తం మాట్లాడుకోవాలి, రానూ పోనూ ఐదారు వందలు. "ల్యాబు మేడంగారు మంచోరేనండి. కాకపోతే టెస్టు చేసి మందేం ఇవ్వరంట. మందుల షాపుల్లో టెస్టు ఫ్రీయండి, మేత అప్పిస్తారు, మందు డబ్బాలూ ఇస్తారు. ఈవిడ డబ్బులు తీసుకుని 'ఏం వెయ్యొద్దు' అంటే ఎవరొస్తారండి?" అన్నాడు. పక్కనే కూర్చున్న అక్క కిటికీ లేని ఆటోలోంచి బయటికి చూసింది.

రంగారావుగారు మర్యాదస్తులు. నన్ను డాక్టరనుకున్నారు. మోటారు షెడ్డులో ఉన్న ఒక్క కుర్చీనీ తువ్వాలుతో తుడిచి నాకు వేశారు, కొబ్బరి బొండాం కొట్టించారు. అక్క మేత బస్తా మీద మైక్రోస్కోపు పెట్టుకుంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగింది, మిగిలిపోయిన మేత వాసన చూసింది, అడుగు నీళ్ళు సీసాలో పట్టింది, రొయ్య పేగు చీల్చి స్లైడు మీద పరిచింది. అరగంటసేపు ఆమె తల ఎత్తలేదు. నేను బొండాం తాగాను.

"రొయ్యకి రోగం లేదండి" అంది అక్క. "మేత ఎక్కువై అడుగున కుళ్ళుతోంది. కొన్నాళ్ళు మేత సగానికి తగ్గించండి, రాత్రిళ్ళు ఏరేటర్లు ఆపకండి, నీళ్ళకి గాలి అందాలి. మందేమీ వద్దు."

"ఏమీ వెయ్యొద్దంటే ఇంక టెస్టు దేనికమ్మాయ్?" ఆయన నవ్వి నా వైపు తిరిగారు. "చిన్నపిల్ల, ఏదో అంటోంది. తమరోసారి చూడండి డాక్టరు గారూ."

నేను అక్క ముఖం చూశాను. పుట్టినప్పటి నుంచీ నన్ను వెధవా అని తప్ప పిలవని ఆ నోటితో, "చూడండి సార్" అంది.

మైక్రోస్కోపులోకి వంగాను. నా కనురెప్పలే కనిపించాయి. "ఊఁ" అన్నాను. తర్వాత అక్క చెప్పిన మాటలే, ఆమె చెప్పిన వరసలోనే, కొంచెం గొంతు పెంచి అప్పజెప్పాను.

"అదీ!" అని తొడ చరిచారు రంగారావుగారు. "చదువుకున్న డాక్టరంటే ఇలా ఉండాలి. అనవసరంగా మందు రాయరు. చూసి నేర్చుకో అమ్మాయ్. సరే, చెరువులన్నీ మీకే ఇస్తున్నా. కాకపోతే వారం వారం డాక్టరు గారే రావాలి."

"వస్తారండి" అంది అక్క, స్లైడ్లు తుడుస్తూ. "నేను అసిస్టెంటుని, నేనూ వస్తాను."

తిరుగుదారిలో ఆటోలో అన్నాను, "నిజం చెప్పాల్సిందక్కా."

"నిజం ముందు నేనే చెప్పాను కదరా. ఎవరన్నా విన్నారా?" అంది. "నాకలవాటే. సాంబయ్య పక్కనున్నా సాంబయ్యనే డాక్టరంటారు. నువ్వేం చేస్తావులే." వారం వారం బస్సు చార్జీలు ల్యాబే పెట్టుకుంటుందని కూడా చెప్పింది.

రొయ్యలకు మేలు జరిగింది, ల్యాబు నిలబడింది, నాకొక హోదా వచ్చింది. ఎవరూ నష్టపోలేదనే చెప్పాలి. అయినా బస్సులో విజయవాడ దాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. రంగారావుగారు దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన మంచివాడు, బయల్దేరేటప్పుడు అక్క చేతిలో కూడా ఒక బొండాం పెట్టారు. అన్నేళ్ళ చదువు ఆమెది, గొంతు మాత్రం నాది కావాల్సి వచ్చింది. ఇకపై ప్రతి వారం ఆమె కష్టపడి కనుక్కున్నది నేను పలుకుతాను, ఊరు వింటుంది, అక్క వ్యాపారం పెరుగుతుంది. దీన్ని విజయమంటారని బీకామ్‌లో చదివాను.

వెళ్ళేవారికి ఒక్క సలహా: చెరువుల మీద చీకటి పడితే ఆటోలు దొరకవు, తీసుకెళ్ళిన ఆటోనే ఆపి ఉంచుకోండి.

ఇక మిగిలింది ఒక్క ముక్క. రంగారావుగారు నన్ను డాక్టరనుకున్నారని పైన రాశాను. ఆయన ఊరికే అనుకోలేదు. వెనక అక్క ఆటోలోంచి సీసాలు దించుతుంటే, ఆయన గేటు దగ్గరికి ఎదురొచ్చి మర్యాదగానే అడిగారు, "ల్యాబు డాక్టరు గారు ఎవరండీ?" అని. ఆ రోజు మొత్తం మీద నేను సొంతంగా చేసిన పని అదొక్కటే. తమాషాకి, నేనేనని తలూపాను.