చల్లటి ఇంజను

ఈ ఉదయం పక్కింటాయన పాత బండి స్టార్ట్ కాలేదు. చోక్ గుంజి పదే పదే కిక్ కొడుతుంటే పచ్చి పెట్రోలు వాసన మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. నాకు పాల్వంచలోని మా క్వార్టర్ గుర్తొచ్చింది.

నాన్నకు ప్లాంటులో పొద్దున షిఫ్టు పడిన వారమంతా నేనూ ఆయనతో పాటే లేచేదాన్ని. ఆయన బండిని స్టార్ట్ చేయకుండా గల్లీ చివరిదాకా నడిపించుకుంటూ వెళ్లేవాడు. వెనక క్యారియర్ పట్టుకుని నెట్టడం నా పని.

"వాకిట్లనే స్టార్ట్ చెయ్యొచ్చు గదా నాయినా?" అని ఒకసారి అడిగాను.

"చల్లటి ఇంజను పెట్రోలు మస్తు తాగుతది బిడ్డా. గింత దూరం నెడితే గింత మిగులుతది."

నేను నమ్మాను. మా బండి మైలేజీలో సగం నాదేనని బడిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

అమ్మకు ఒంట్లో బాగుండదని మాత్రమే నాకు తెలుసు. నాకు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని రాత్రంతా నొప్పి ఓర్చుకునేదనీ, సరిగ్గా నాన్న డ్యూటీకి బయలుదేరే వేళకే ఆమెకు కాస్త కన్ను అంటుకునేదనీ పెద్దయ్యాక నాన్నమ్మ చెప్పింది.

ఆ చలికాలంలోనే అమ్మ పోయింది. నాన్న మళ్లీ డ్యూటీకి బయలుదేరిన రోజు నేను అలవాటు కొద్దీ క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన వాకిట్లోనే కిక్ కొట్టాడు. ఆ చప్పుడు ఇల్లంతా మోగింది.

"నాయినా, పెట్రోలు!" అని అరిచాను.

నాన్న తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

"ఇగ లేసేటోళ్లు ఎవరున్నరు బిడ్డా," అన్నాడు.