నాయన తుపాకి, శెట్టి తూటా

ఈరోజు శనివారం. సోమవారం పొద్దున కళ్యాణదుర్గంలో తుపాకులు బాగుచేసే అంగడాయనకు జవాబు చెప్పాలి. నిన్నటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను... అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... నాయన తుపాకి పడసాలలో రెండు కొయ్యమేకుల మీద అడ్డంగా ఉండేది. ఒంటి గొట్టం తుపాకి. శెనక్కాయ చేలో పందులు పడినప్పుడే దాన్ని తీసేవాడు. మిగతా రోజుల్లో అది నా బాధ్యత. ప్రతి శుక్రవారం నాయన గొట్టం తెరిచి తూటా లేదని చూపించి ఇస్తే, పాత పంచె గుడ్డతో ఆ కొన నుంచి ఈ కొన దాకా తుడవాలి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఏడాది అమ్మ కడుపుతో ఉంది. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పు... పడసాల మూలన కుమ్మరి పురుగు మట్టి తెచ్చి గూడు పెట్టింది. సన్నటి నడుముతో ఎగిరే ఆ పురుగు మీకు తెలుసు కదా. మా అవ్వ ఆ రోజే హుకుం వేసింది.

"కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉన్నెప్పుడు పురుగు గూడు కట్టడం మంచిది. కాన్పయ్యేదాకా అది యాడ కట్టినా ఎవురూ ముట్టొద్దండి. ముట్టితే ఏళ్లు ఇరుస్తా."

ఒక శుక్రవారం తుడుస్తూ చూస్తే తుపాకి గొట్టం కొన మట్టితో మూసుకుపోయి ఉంది. నున్నగా, పూడ్చినట్టు... పుల్ల తీసుకున్నాను. అవ్వ మాట గుర్తొచ్చి పారేశాను. నాయనతో చెబితే ఆయన ఆ గూడు పొడిచేస్తాడు, అమ్మకేమైనా అయితే ఆ పాపం నాది అనుకున్నాను. చెప్పలేదు.

నాలుగు రోజులకు సందెవేళ పందులు పడ్డాయని చేను వైపు నుంచి కేకలు వచ్చాయి. నాయన తుపాకి అందుకొని పరుగెత్తాడు.

"నాయనా..." అన్నాను.

"తలుపేసుకో పాపా" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు చప్పుడు ఎప్పటిలా లేదు. నాయన తిరిగొచ్చేసరికి చెంప మీద నెత్తురు. గొట్టం కొన ఉబ్బి, ఒక పక్క చీలి ఉంది. ఆయన చనిపోయేదాకా ఎడమ చెవి వినపడలేదు.

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకొని, కళ్యాణదుర్గంలో తూటాలు కొన్న అంగడికి పోయాడు. అక్కడి శెట్టి తుపాకులు బాగుచేసేవాడు, తన చేత్తోనే మందు నింపి తూటాలూ అమ్మేవాడు.

"ఏం శెట్టీ, మందు కొలిసే పోసినావా, కండ్లు మూసుకోని పోసినావా?"

"పిల్లల మీద ఒట్టు రెడ్డీ. కొలిసే పోసినా."

"ఇంక నీ తూటా మా ఊర్లో ఎవుడు కొంటాడో చూస్తా."

ఎవరూ కొనలేదు. కొన్నాళ్లకు శెట్టి తూటాలు నింపడమే మానేశాడని విన్నాం. నేను ఆ రోజు నాయన పంచె పట్టుకొని నిలబడ్డాను... ఒక్క మాట అనలేదు. తమ్ముడు పుట్టాడు. ఇల్లంతా సంబరం. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు.

ఆ అంగడి గడప తొక్కనన్న పట్టుదలతో నాయన తుపాకి బాగుచేయించలేదు. ఆయన తర్వాత లైసెన్సు నా పేరుకు మారింది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం. పేలని తుపాకికి ఒక్క రసీదు కూడా పోగొట్టలేదు నేను.

నిన్న నా కొడుకు పట్టుబట్టాడు. "ఊరికే గోడకు పెట్టుకోని ఏం జేస్తామ్మా? బాగు చేపిస్తే పైకి ఒకటి పేల్చినా సాలు, పందులు బెదురుతాయి." సరేనని ఇద్దరం పోయాం. అదే అంగడి. ఇప్పుడు శెట్టి మనవడు నడుపుతున్నాడు, తూటాలు కూడా అమ్ముతున్నాడు.

గొట్టంలోకి చూసి, "కొన నాలుగంగుళాలు కోసేస్తే పేలుతాది పెద్దమ్మా" అన్నాడు. తర్వాత ఆ ఉబ్బు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఇది రెడ్డిగారి తుపాకి గదా? మా తాత సచ్చేదాకా ఇదే మాట పెద్దమ్మా, కొలిసే పోసినా అని. మందు ఎక్కువైతే తూటా ఉండే కాడ పగలాల. కొన పగిలిందంటే ఆడ ఏదో అడ్డం ఉండింటాది. ఏముండె?"

తెలియదన్నాను. అబద్ధమాడిన పిల్లలను ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించిన టీచరమ్మను... డెబ్బై దాటిన వయసులో తెలియదని చెప్పి, కోయాలో వద్దో సోమవారం చెబుతానని బయటికి వచ్చేశాను.

నాయన గుర్తు కదా, కోయించడానికి మనసు రావడం లేదేమో అని నా కొడుకు అనుకుంటున్నాడు. అది కాదు. ఆ కొన కోసేస్తే నేను చేసింది ఇక ఎవరికీ కనపడదు. అలాగే ఉంచితే, చూసినవాళ్లంతా ఇంకా శెట్టినే తప్పు పడతారు. రెండు వైపులా ఆలోచించి ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను...

ఇప్పుడు మా ఇంట్లో కుమ్మరి పురుగు గూడు కడితే కోడలు చీపురుతో దులిపేస్తుంది. మనవరాలు ఏది చూసినా అందరిలో అడిగేస్తుంది, పెద్దవాళ్లు కసురుకున్నా సరే. మేము అలా పెరగలేదు... పెద్దలకు భయపడి మీరూ ఏదైనా చెప్పకుండా ఉండిపోయి ఉంటే, కింద రాయండి. చదువుతాను.

ఇక జరగాల్సినవి:

1. ఇది మీకు కనపడేలోపు నా కొడుకు, తమ్ముడు చదివి ఉండాలి. ఇద్దరికీ ఇంతవరకు తెలియదు.
2. సోమవారం శెట్టి మనవడికి నా నోటితోనే చెప్పాలి. కొడుకుతో చెప్పించకూడదు.
3. తుపాకి బాగుచేయించాలి. గొట్టం కోయడానికి లైసెన్సు ఇచ్చేవాళ్ల పర్మిషన్ కాగితం వచ్చాకే కోత.
4. కోసిన ముక్క మా ఇంటికి రాకూడదు. ఆయన ఒప్పుకుంటే ఆ అంగట్లోనే ఉండాలి, అడిగినవాళ్లకు చూపించడానికి.
5. తూటాలు ఆయన దగ్గరే కొనాలి. మా ఊరివాళ్లు నలుగురిని వెంట తీసుకుపోయి, వాళ్ల ముందే కొనాలి.