ట్రాక్టరు మాది... ట్రక్కు మావయ్యది

మా చిన్నప్పుడు... కోతలూ మాసూళ్ళూ జరిగే రోజుల్లో, మిల్లుకి ధాన్యం తోలి నాన్న మునిమాపువేళకి ఇంటికొచ్చేవాడు. వస్తూనే ఇంజనైనా ఆపకుండా కిందికి దూకి, ట్రక్కు వెనక్కి పరిగెత్తేవాడు. వెనకున్న ఎర్ర లైటు వెలుగుతోందా లేదా అని చూడ్డానికి.

వెలిగేది కాదు.

మా వైపు ట్రాక్టరు వెనక తగిలించే బండిని ట్రక్కు అంటాం. ట్రాక్టరు మాది. ట్రక్కు మావయ్యది... అంటే అమ్మకి సొంత అన్నయ్య. పెదపారుపూడి దగ్గర మా ఊరూ వాళ్ళ ఊరూ పక్కపక్కనే. రెండూ ఒక్కరే కొనే స్తోమత లేక ఇద్దరూ కలిసి వాడుకునేవారు. ఏళ్ళ తరబడి ఏ గొడవా రాలేదు. ఆ ఏడాది ఈ లైటు వచ్చి పడింది.

దానికో పద్ధతంటూ లేదు. గతుకులో పడితే వెలిగేది, మంచి రోడ్డెక్కితే ఆరిపోయేది. బ్రేకు నొక్కితే ఆ ఉన్న కాస్తా పోయేది. కాలవగట్టు మీద సైకిలు మీదొచ్చేవాళ్ళెవరైనా చీకట్లో వెనకనించి గుద్దుకుంటారని నాన్న భయం. భయం కన్నా అనుమానం ఎక్కువ... మా ఇంట్లో అందరికీ అది పుట్టుకతో వచ్చిందే. పాలు పోసే ఆయన నవ్వుతూ వస్తే, ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకునే రకం మేము!

నాన్న ముందు గుడివాడ మిల్లులో బస్తాలు దించేవాళ్ళు వైరు తెంపేశారన్నాడు. వైరు నిక్షేపంగా ఉంది. ఇక అనుమానం మావయ్య మీదికి తిరిగింది.

నాన్న ఒక బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి ట్రక్కు లైటుకి కరెంటిచ్చే ట్రాక్టరు ప్లగ్గులో, ఇంకోటి ట్రాక్టరు ఇనుము మీద పెట్టాడు. ధగధగా వెలిగింది. "చూశారా... మన ట్రాక్టర్లో ఏ లోటూ లేదు. అంతా ఆ ట్రక్కులోనే!"

మావయ్య ఊరుకుంటాడా... ఒక బ్యాటరీ తెచ్చి, రెండు వైర్లూ నేరుగా ట్రక్కుకి తగిలించి చూపించాడు. అదీ వెలిగింది. "నా ట్రక్కు బంగారం బావా. ముందు నీ ప్లగ్గు సంగతి చూసుకో."

విడివిడిగా రెండూ బంగారమే. కలిపి తగిలిస్తే చీకటి.

అంటే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారు... ఇద్దరి మనసులోనూ ఇదే. నా మనసులోనూ ఇదే! మావయ్య జేబులో మంచి బల్బు దాచుకుని, పరీక్షప్పుడు మారుస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. ఆయన తెచ్చిన జీళ్ళు మాత్రం తినేశాననుకోండి.

ఒకరోజు అన్నం తింటూ నాన్న అమ్మతో అనేశాడు... "ట్రక్కు వైరింగు పోయిందని నీకు ముందే తెలుసు. మీ అన్నయ్య చెప్పే ఉంటాడు. ఆయన మీద ఈగ వాలనివ్వవుగా!"

ఆ మాటతో అమ్మ ఆదివారాలు పుట్టింటికి వెళ్ళడం మానేసింది. నాన్నతో "అన్నం పెట్టాను" వరకే మాట. అమ్మ అరవడం మాకు అలవాటే, ఊరుకోవడం అలవాటు లేదు. ట్రక్కు విడిపోతే అమ్మకి పుట్టిల్లు కూడా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

చివరికి ఒకరి పరీక్ష ఒకరు నమ్మక, ఇద్దరూ మా వాకిట్లోనే తేల్చుకుందామన్నారు. నాన్న మావయ్య బ్యాటరీని నమ్మడు, వైర్లనీ నమ్మడు. ట్రక్కు తగిలించి, ప్లగ్గు పెట్టి, "ఇనుము కూడా నాదే వాడతా" అంటూ ట్రాక్టరు ఇంజను దగ్గర్నించి పొడుగాటి వైరు లాక్కొచ్చి ట్రక్కు ఇనుముకి ఆనించాడు.

లైటు వెలిగింది! తీశాడు... ఆరింది. ఆనించాడు... వెలిగింది.

ఇద్దరూ ఒకేసారి ట్రాక్టరుకి ట్రక్కు తగిలించే కొక్కెం దగ్గర వంగారు. ప్లగ్గులోంచి వెళ్ళిన కరెంటు ట్రాక్టరుకి తిరిగి రావాల్సింది ఆ కొక్కెం మీదుగానే. మాసూళ్ళకి ముందు, బావ వంక పెట్టకూడదని మావయ్య ట్రక్కుకి పెయింటు వేయించాడు... కొక్కెంలో పడే రింగుతో సహా! బావ వంక పెట్టకూడదనే నాన్న కొక్కెం నిండా గ్రీజు దట్టించాడు. ఇక ఇనుముకి ఇనుము తగిలే దారేది?

"రింగుకి కూడా పెయింటేమిటి బావా!"

"అంత గ్రీజు ఎవరు పుయ్యమన్నారు నిన్ను!"

నవ్వుకుంటూ రెంటికీ కలిపి ఒక వైరు ముక్క గట్టిగా బిగించేశారు. అమ్మ నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "లైటు సంగతి తేలిందిగా... మరి నన్నన్న మాట సంగతేంటండీ?" అంది.

మావయ్యకి ఏమీ అర్థం కాలేదు. నాన్నకి అర్థమైంది. గ్రీజు చేతులు మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం అమ్మని దగ్గరుండి పుట్టింటికి తీసుకెళ్ళాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అమ్మ వెళ్ళింది, వచ్చింది... కానీ అక్కడి కబుర్లు మా ఇంట్లో చెప్పడం ఆ రోజుతో మానేసింది. అమ్మ చెప్పే ఆ కబుర్లంటే నాకెంత ఇష్టమో, అవి లేకుండా పోయాకే తెలిసింది.

ఇప్పుడు ఎవరి ట్రాక్టరు వాళ్ళది, ఎవరి ట్రక్కు వాళ్ళది. లైటు పోతే ఫోను చేస్తే మెకానిక్కు వస్తాడు. ఎవర్నీ అనుమానించే పని లేదు... ఎవరి వాకిట్లోకీ వెళ్ళే పనీ లేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలా రెండిళ్ళ మధ్య తిరిగిన వస్తువులు ఉండే ఉంటాయి. అవి పాడైనప్పుడు ఎవర్ని అనుమానించారో చెప్పండి. నిజం తెలిశాక, ఆ మనిషి దగ్గరికెళ్ళి "తప్పుగా అన్నాను" అని చెప్పారా? చెప్పామనే అంటారు అందరూ... నేను నమ్మన్లెండి.