కిరణం పడ్డ చోట

క్రిస్టీనా అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. తాను ఎక్స్-రేలతో పరిశోధన చేస్తున్నానని అనగానే జనం ముందు ఆమె ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. ఆమె చూసేది ఎముకల్ని కాదు, బ్యాటరీల్ని. ఫోన్లలో, స్కూటర్లలో ఉండే లిథియం బ్యాటరీకి ప్లస్ వైపు ఒక నల్లటి పొడి పూత ఉంటుంది. ఛార్జింగు పెడితే అందులోంచి లిథియం బయటికి పోతుంది, వాడితే తిరిగి వస్తుంది. వాడగా వాడగా ఆ రాకపోకలు ఎక్కడ చెడతాయో తెలుసుకోవాలని ఆమె పట్టుదల. విప్పి చూద్దామంటే గాలి తగిలి లోపలి సంగతే మారిపోతుంది. అందుకని బ్యాటరీ పనిచేస్తుండగానే కిరణం పంపి చూడాలి.

అంత బలమైన కిరణం ఉన్నది వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద పరిశోధన కేంద్రంలో. రెండేళ్ల కిందట అక్కడికి వెళ్లినప్పుడు ఒక వింత కనిపించింది. కరెంటు ఎక్కుతున్నా పొడి అరగంట ఆలస్యంగా మారుతోంది. దాని మీద వ్యాసం రాసి ఒక సైన్సు పత్రికకు పంపితే, మరోసారి చేసి చూపించమన్నారు. దరఖాస్తు పెట్టి ఏడాది ఆగితే మూడు రోజులు దొరికాయి. అవి కాస్తా పరీక్షల డ్యూటీ మీద పడ్డాయి.

ప్రిన్సిపాల్ బంగారరాజు గారు సెలవు చీటీ చదివి కళ్లజోడు తీశారు.

"ఆ ఎక్స్-రే ఏదో ఇక్కడే తీయించుకోవచ్చు కదండీ మేడం. అమలాపురంలో ల్యాబులు బోలెడున్నాయి."

"అది నాక్కాదండీ, బ్యాటరీకి."

"ఆయ్. బ్యాటరీకైతే మరీ అంత తొందరేముందండీ?"

ఇక వాదించే ఓపిక లేక, తోటి లెక్చరర్ వాణిని బతిమాలి డ్యూటీ ఒప్పగించి, క్రిస్టీనా రైలెక్కింది.

మొదటి రోజు, కిరణం వెళ్లడానికి బ్యాటరీకి పెట్టిన ప్లాస్టిక్ కిటికీ ఊడి లోపలి ద్రవం కారిపోయింది. రెండో రోజు యంత్రమే ఆగింది. అడిగిన ప్రతిసారీ "ఇంకో గంట" అన్నారు, సాయంత్రం దాకా. మూడో రోజు పొద్దున్న అన్నీ కుదిరాయి. మధ్యాహ్నానికి తెర మీద గ్రాఫులో అదే గీత, అదే అరగంట ఆలస్యం. క్రిస్టీనాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడి ఇన్‌ఛార్జి సావిత్రి గారిదీ అమలాపురం వైపే, పలివెల. ఆవిడ తెర వంక చూసి అడిగారు.

"కిరణం ఒకే చోట ఎంతసేపు పెట్టేరండీ?"

"పొద్దుటినుంచీ అక్కడేనండీ."

"ఒక్క మిల్లీమీటరు పక్కకి జరపండి."

జరిపింది. పక్కన పొడి ఎప్పుడో పూర్తిగా ఛార్జయి ఉంది. కిరణం పడిన చోట మాత్రమే, ఆ కిరణం దెబ్బకే, వెనకబడిపోయింది.

క్రిస్టీనా కుర్చీలో కూలబడింది. "అంటే రెండేళ్లుగా నేను చూస్తున్నది నేను చెడగొట్టిన చోటునాండీ?"

"చాలామందికి జరుగుతుందండీ ఇది."

"నాకెవరూ చెప్పలేదేంటండీ మరి!" అని ఏడుపు మొహం పెట్టింది.

"ఏడవడానికి ఇంటికెళ్లాక బోలెడు టైముందండీ. ఇక్కడ నాలుగ్గంటలే ఉంది. వాడుకోండి."

కళ్లు తుడుచుకుని వాడుకుంది. ప్రతి కొలతకూ కిరణాన్ని కొత్త చోటికి జరిపింది, రెండు నిమిషాలకు మించి ఉంచలేదు. పొడి కరెంటుతో పాటే మారుతోంది. ఆలస్యం లేదు, వింతా లేదు.

రాజోలులో ఇంటికి చేరేసరికి తండ్రి సాలమోను గారు వీధరుగు మీద ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు.

"ఏమైందమ్మా?"

"రెండేళ్ల పని తప్పని తేలింది నాన్నగారూ."

"ఎవరైనా కనిపెట్టేరా?"

"పక్కకి జరపమని ఒకావిడ చెప్పేరు. చూసింది నేనే."

"అయితే ఆ రాసినది వెనక్కి తీసుకోవాలమ్మా."

"తెలుసండీ!" అని విసురుగా లోపలికి పోయింది. మర్నాడే పత్రికకు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకుంది. కిరణం తనను ఎలా తప్పుదారి పట్టించిందో నాలుగు పేజీలు రాసి పంపితే, ఎనిమిది నెలలకు అచ్చయింది. అది చదివి ఇంకో రెండు ల్యాబుల వాళ్లు తమ గీతలూ సరిచూసుకుంటున్నామని రాశారు.

అసలు పొడి ఎక్కడ చెడుతోందో మాత్రం ఇంకా తేలలేదు. క్రిస్టీనా మళ్లీ దరఖాస్తు పెట్టింది, ఈసారి ఐదు రోజులకు. అన్ని రోజులెందుకో చెప్పమన్న గడిలో, కిరణాన్ని జరుపుకుంటూ పోవడానికే సగం టైము సరిపోతుందని విసుగ్గా రాసింది.